తొమ్మిదో మీట

ఆరున్నరకి మాలకొండమ్మ గడప ముందు నిలబడ్డాను.
చేతిలో విశ్వవిద్యాలయం వాళ్ళ ట్యాబు.
ఆశా కార్యకర్త పొద్దు ఎటుపోతుందో
నిమిషాల్లో తేల్చే అధ్యయనం మాది.
ఆమె కాలు బయటపడ్డ క్షణాన గడియారం మొదలు.
గడప లోపలిది మా పరిధి కాదు.

ఒకటి నడక. రెండు రాతకోతలు. మూడు టీకాలు.
నాలుగు గర్భిణి, ఐదు బాలింత,
అలా ఎనిమిది దాకా వెళ్ళి
తొమ్మిదో మీట: ఇతరములు.
సంచి భుజానేసుకుని నన్ను ఎగాదిగా చూసింది.
"నా ఎనకమాల నడిసేదానికి నీకు నెల జీతమా అబ్బయా?
నడిసే నాకు లేదే!"
ఆ నవ్వుని ఏ మీట కింద వెయ్యాలో
కందుకూరులో ఇచ్చిన శిక్షణలో చెప్పలేదు.

బస్సు దగ్గర రెండు మూరల మల్లెపూలు కొంది.
తల్లో పెట్టుకుంటుందనుకున్నాను,
తడిగుడ్డలో చుట్టి
బీపీ మిషను పక్కన దాచింది.

పొగాకు బ్యారన్ల వెనక సుహాసినికి ఏడో నెల.
ఐరన్ మాత్రలు బియ్యం డబ్బా అడుగున దొరికాయి.
మందలిస్తుందనుకున్నా.
చేట లాక్కుని ఆ పిల్ల పక్కనే కూర్చుని
రాళ్ళేరడం మొదలుపెట్టింది.
సగం చేట అయ్యేసరికి ఆ పిల్లే అంది,
"ఏసుకుంటే నల్లంగా వస్తా ఉందక్కా, బయమేసింది."
ఇరవై ఆరు నిమిషాలు.
నాలుగా, తొమ్మిదా?
నా వేలు గాల్లోనే ఉండిపోయింది.

మన్నేటి ఒడ్డున యానాదుల కాలనీలో
పోలయ్య లేడు, రొయ్యల గుంటల కాపలాకి పోయాడు.
క్షయ మాత్రలు ఐదు నెలలు మింగి
దగ్గు తగ్గింది గదాని ఆరో నెల మానేసినవాడు.
గట్టు మీద రెండు కిలోమీటర్లు. ఎండ. ఉప్పు వాసన.
మాత్ర చేతిలో పెట్టి, నీళ్ళిచ్చి,
"నోరు తెరువు, నాలిక ఎత్తు" అంది.
ఎత్తాడు, చిన్నపిల్లాడల్లే.
నాకు కళ్ళు తిరిగి గట్టు మీద కూలబడితే
ఓఆర్ఎస్ కలిపి తాగించింది.
ఆ ఎనిమిది నిమిషాలు కూడా గడియారం తిరిగింది,
ఆమె పనిలో నేనూ ఒక రోగిని.

మూడింటికి రిజ్వానా ఇంటికి.
బిడ్డ దక్కలేదు, పోయిన శుక్రవారం.
రిజిస్టర్లో ఆ గడి ఎప్పుడో నింపేశారు,
అడగాల్సిన ప్రశ్న ఒక్కటీ మిగల్లేదు.
మాలకొండమ్మ తడిగుడ్డ విప్పింది.
"నువ్వు బయటుండు నాయనా."

బయటున్నాను.
ఇంకెవరికీ అక్కర్లేని పాలు
ఆగాలంటే గుండెలకి మల్లెపూలు కడతారని
అరుగు మీద ముసలామె చెప్పింది
నా ట్యాబుకేసి చూస్తూ.
లోపల్నించి మాట లేదు.
నలభై ఒక్క నిమిషం.
తొమ్మిది నొక్కాను. వేలు తియ్యబుద్ధి కాలేదు.

రాత్రి హైదరాబాదు నుంచి సారు ఫోను:
"ఇతరములు ముప్పై నాలుగు శాతమైతే పట్టిక ఎలా నిలబడుద్దయ్యా?
మళ్ళీ కోడ్ చెయ్యి."
చేశాను.
రాళ్ళేరడం నాలుగుకి పోయింది,
మల్లెపూలు ఐదుకి, బాలింత సందర్శన.
తప్పేం కాదు.
పూల డబ్బులు ఎవరివని అడిగే గడి
మా ఫారంలో లేదు.
నాకు ఓఆర్ఎస్ తాగించింది మాత్రం
ఎక్కడా పట్టక అక్కడే ఉంచేశాను.

తొమ్మిదిన్నరకి ఆమే చేసింది,
పదో తరగతి మార్కులు అడిగినట్టు:
"ఎంతొచ్చిందబ్బయా నాకు?"
"పదకొండు గంటల పది నిమిషాలమ్మా."
అవతల గిన్నెలు తోముతున్న చప్పుడు.
కాసేపు అదే వినపడింది.
"అంతేనా?
తెల్లారి నాలుక్కే లేసినానే."